గ్రిప్పులు మార్చుట

మోటారుసైకిలును గూర్చి మాటలాడుమన్నచో ఎవరైనను ఇంజను సంగతియో, వేగము సంగతియో ఎత్తుకొందురు. నేను హ్యాండిలు చివరలనుండు రబ్బరు తొడుగులను గూర్చి చెప్పదలచితిని. జనులు వీనినే గ్రిప్పులందురు. ఇంత స్వల్పవిషయమునకు ప్రసంగమేల యని మీరు నవ్వవచ్చును. నేనును ఒకప్పుడు అట్లే నవ్వినవాడను.

మా తమ్ముని బండి గ్రిప్పులు ఎండకును చేతిచెమటకును పాడై, జిగటయెక్కి, అరచేతులకు నల్లని మసి అంటించుచుండెను. క్రొత్తజత కొని తెచ్చితిని. పాతవానిని చాకుతో నిలువున చీల్చి తీసివేయుట సులభముగనే జరిగినది. క్రొత్తవి మాత్రము ఎంత త్రోసినను సగము దాటి పోలేదు. ఇంటిలో కొబ్బరినూనె యున్నది గదా! రెండు చుక్కలు పూసితిని. గ్రిప్పు జఱ్ఱున జారి అడుగంట కూర్చుండెను. నా తెలివికి నేనే మురిసితిని. లోనికి జారిన త్రోవనే అది వెలుపలికిని జారగలదను ఊహ నాకు తోచనేలేదు.

మఱునాడు తమ్ముడు మారేడుమిల్లి ఘాటురోడ్డులో, వానతుంపరలో మలుపు తిరుగుచుండగా ఎడమ గ్రిప్పు ఊడి వాని చేతిలోనికే వచ్చినది. బండి ప్రక్కకు ఒఱగెను. వాడు లోయవైపునగాక కొండవైపున పడుటచేత మోచేయి గీచుకొనిపోవుటతో ఆపద గడచినది. ఇంటికి వచ్చి నన్నొక్కమాటయైనను అనక, ఆ రబ్బరుముక్కను నా బల్లపై పెట్టి లోనికి పోయెను. తిట్టినను బాగుండెడిది.

ఆ సాయంకాలమే బండిని వీధిమొగనున్న ముసలి మెకానిక్కు కడకు నడిపించుకొనిపోయితిని. ఆయన గ్రిప్పును వాసనచూచి, "కొబ్బరినూనె తలకు రాసుకోండి బాబూ, బండికెందుకు?" అనెను. నూనె ఆరునది కాదు. పైపెచ్చు రబ్బరును చెఱచును. ఆయన మొదట స్పిరిటులో తడిపిన గుడ్డతో ఇనుపగొట్టమును తళతళలాడునట్లు తుడిచెను. నేను పూసిన నూనెను వదలించుటకే ఆయనకు చాలసేపు పట్టినది.

జతలోని రెండు గ్రిప్పులును ఒక్కటి కావని నాకు అప్పుడే తెలిసినది. ఎడమది నేరుగా గొట్టముపై ఎక్కును. సాధారణముగ ఆ గొట్టము మందము 22 మిల్లీమీటర్లు. కుడివైపున ఎక్సిలేటరుతో తిరుగు గొట్టపుతొడుగొకటి యుండును. గ్రిప్పు దానిపై కూర్చుండవలెను గనుక దాని రంధ్రము కొంచెము వెడల్పుగా నుండును. గ్రిప్పులకని అమ్ము జిగురును ఆయన లోపల పలుచగా పూసి, మెలిత్రిప్పుచు ఒక్క ఊపున త్రోసెను. నడుమ ఆగినచో జిగురు పట్టుకొని మఱి కదలదట. పందెముల బండ్లవారు కొందఱు జిగురు చాలదని గ్రిప్పుచుట్టును సన్నని తీగెను బిగించి కట్టుదురు. మన ప్రయాణములకు అది అనవసరమని నా తలంపు. తీగె కొన సరిగా అణచనిచో చేతికి గ్రుచ్చుకొనును.

కుడివైపు పని మఱింత మెలకువతో చేసెను. జిగురు తొడుగు క్రిందికి కారినచో ఎక్సిలేటరు పట్టివేయును. గ్రిప్పు కొన హ్యాండిలు చివరి బరువుకు ఒఱసికొన్నను అంతే. కనుక రెండింటి నడుమ ఇంచుక సందు విడిచెను. పిమ్మట హ్యాండిలును ఎడమకొకసారి, కుడికొకసారి పూర్తిగా మలచి, ఎక్సిలేటరును త్రిప్పి వదలి చూచెను. చేయి తీసినంతనే అది తనంతట వెనుకకు రావలెను. రాకున్నచో చేయి వదలినను బండి పరుగు తగ్గదు. ఎడమ గ్రిప్పు ఊడుటకన్న ఇది ఘోరమైన ప్రమాదము. నేను ఆ పరీక్ష చేయకయే బండిని తమ్ముని కిచ్చితినని తలంచుకొన్నప్పుడు నా ఒడలు జలదరించినది.

జిగురు గట్టిపడువఱకు నడుపరాదని చెప్పి ఆయన ఆ రాత్రికి బండిని తన కొట్టులోనే ఉంచుకొనెను.

ఉదయము తమ్ముడు నాతోకూడ వచ్చెను. ఎడమ గ్రిప్పును రెండుచేతులతోను మెలిపెట్టి చూచెను. కదలలేదు. కుడిదానిని త్రిప్పి వదలెను. టక్కున వెనుకకు వచ్చినది. అప్పుడు నావైపు చేయిచాపి తాళపుచెవి యిమ్మనెను.