కథకంటే ముందు ఒప్పందం
(అధ్యక్షోపన్యాసం)



ఈ సదస్సుకు వచ్చిన పత్రాల్లో ఎక్కువభాగం కంటిన్యుటీ మీదే. డాక్టర్ హూ, స్టార్ వార్స్ స్పిన్-ఆఫ్‌లలో ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు అన్నదే వాదం. ఏళ్ళ తరబడి నేను అంటున్న మాటే ఈ కుర్చీలోంచీ అంటాను. ఉమ్మడి కథాలోకంలో ఏ పాత్ర బతుకుతుందో, ఏది మాయమవుతుందో ముందు ఒప్పందంలో తేలుతుంది. కథలోకి ఆ తరవాతే వస్తుంది.

డాక్టర్ హూ సిరీస్‌లోని డాలెక్ జీవుల సంగతి మీకు తెలిసిందే. 1963లో వాటిని ఊహించి రాసిన టెర్రీ నేషన్ బయటి రచయిత. వాటికి రూపం దిద్దిన రేమండ్ కసిక్ బీబీసీ ఉద్యోగి. నేషన్‌కు హక్కు మిగిలింది, కసిక్‌కు మిగల్లేదు. 2004లో నేషన్ వారసుల పక్షానికీ బీబీసీకీ బేరం కుదరనప్పుడు, డాలెక్‌ల బదులు వేరే జీవిని పెట్టి చిత్తుప్రతి కూడా రాయాల్సొచ్చింది.

అంతకంటే నిక్కచ్చి సాక్ష్యం కె9. 1977లో బాబ్ బేకర్, డేవ్ మార్టిన్ డాక్టర్ హూ కోసం సృష్టించిన రోబో కుక్క అది. పాత్ర రచయితలది, పాత రూపం బీబీసీది. అందుకే 2009-10లో ఆస్ట్రేలియాలో తీసిన కె9 సిరీస్ మొదటి భాగంలోనే ఆ పాత కుక్క తనను తాను పేల్చుకుని, గాలిలో ఎగిరే కొత్త ఒంటితో లేస్తుంది. పాత జ్ఞాపకాలు పోతాయి, డాక్టర్ హూ కథానాయకుడైన డాక్టర్ పేరు దాని నోట రాదు. కథలో అది మతిమరుపు. ఆ మతిమరుపును రాసింది హక్కుల పంపకం.

కంటిన్యుటీ అభిమానుల కాలక్షేపమని కొట్టిపారేసే విమర్శకులు ఈ సభలోనే ఉన్నారు. కంపెనీ ముద్ర పడిందే కథ అనే మిత్రులూ ఉన్నారు. ఇద్దరికీ నా జవాబు ఒకటే: రెండు పాత్రలను పక్కపక్కన పెట్టి చూడండి. తిమోతీ జాన్ 1991 స్టార్ వార్స్ నవలలో పుట్టిన థ్రాన్ లూకాస్‌ఫిల్మ్ సొత్తు. 2014లో అలాంటి పాత నవలలతోపాటు అతణ్ణీ లెజెండ్స్ అనే అటక ఎక్కించారు. 2016లో ఆ కంపెనీయే రెబెల్స్ సిరీస్ కోసం కిందికి దించింది. పాల్ కార్నెల్ 1992లో డాక్టర్ హూ నవల కోసం సృష్టించిన బెర్నిస్ సమ్మర్‌ఫీల్డ్ మాత్రం కార్నెల్ సొత్తు. ఆ నవలలు వేసిన వర్జిన్ సంస్థకు డాక్టర్ హూ లైసెన్సు పోయినా ఆమె నవలలు ఆగలేదు. 1998లో బిగ్ ఫినిష్ ఆడియో నాటకాలు మొదలైందే ఆమెతో. డాక్టర్ హూ లైసెన్సు ఆ సంస్థకు దక్కింది ఆ తరవాతే. ముద్ర ఒకటే కొలత అయితే బెర్నిస్‌ను ఎక్కడ పెడతారు?

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక ఆదివారం జాన్ నవల కొన్నాను. అట్ట మీద జాన్ పేరుంది. లోపల కాపీరైట్ పంక్తిలో లూకాస్‌ఫిల్మ్ పేరుంది. ఆ ఒక్క పంక్తి నాకు ఎన్నో విమర్శ గ్రంథాలకంటే ఎక్కువ నేర్పింది. దాన్నే పరిశోధనాంశంగా పెడితే, ఇది సాహిత్యం కాదు, న్యాయశాస్త్రమని ఒక విశ్వవిద్యాలయం తిప్పి పంపింది. ఆ గీత అక్కడ గీయడమే పొరపాటని నేటికీ నా అభిప్రాయం. పాత్ర నోట ఏ పేరు రావచ్చో నిర్ణయించేది సాహిత్యం కాకుండా ఎలా పోతుంది?

మన గ్రంథసూచీలు పేరు, ఏడాది, ప్రచురణకర్త దగ్గరే ఆగిపోతున్నాయి. హక్కులు ఎవరి పేరున ఉన్నాయో రాసేవారు లేరు. పాత పేపర్‌బ్యాక్‌ల అట్టలు ఊడిపోతున్నాయి, పునర్ముద్రణలో కాపీరైట్ పేజీ మారిపోవచ్చు. ఈ పనికి పేరు రాదు, పదోన్నతీ రాదు. అయినా యువ పరిశోధకులు దీన్ని చేపట్టాలి. ప్రతి పుస్తకం కాపీరైట్ పంక్తినీ ఉన్నదున్నట్టు ఎక్కించే సూచీని మొదలుపెట్టాలని ఈ సభ తీర్మానించాలి.

సిరీస్‌లకు రాస్తున్న మన రచయితలకూ ఒక మాట. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే ఉద్యోగంలో భాగంగా రాసినదానికి తొలి హక్కుదారు యజమానే. కసిక్ కథ మనకూ వర్తిస్తుంది. పాత్రకు పేరు పెట్టే ముందు ఒప్పందం కాగితం చదవండి, చదివాకే సంతకం పెట్టండి.