అర ఇంచు పాన

(దసరా ఆయుధపూజ నాడు అచ్చంపేటలో బండ్ల మెకానిక్కుల సభలో చేసిన ఉపన్యాసం)

నేను మెకానిక్కును కాను. ముప్పై ఏండ్లు సర్కారు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి. ఈ సభలో సగం మంది నా దగ్గర త్రిభుజాలు నేర్చుకున్నవాళ్లే. మిగతా సగం నేర్చుకోకుండా తప్పించుకుని మీ వృత్తిలోకి వచ్చినవాళ్లు. ఇయ్యాల మీరు నన్ను పిలిచింది మా నాయన అంబాసిడర్ గురించి చెప్పమని. దాన్ని మా బర్రెల కొట్టంలో పెట్టి మూడేండ్లు విప్పి బిగించాను. చెప్తాను గానీ, ఇందులోనూ లెక్కలే ఎక్కువ, తర్వాత నన్ననొద్దు.

మా చిన్నోడు అమెరికాలో ఉంటాడు. వాళ్ల పక్కింటాయన ఇంటి గ్యారేజీలో పాత మజిల్ కారును బాగు చేసుకుంటున్నాడని ఫొటోలు పంపాడు. మజిల్ కారు అంటే కండల బండి. 1964లో పాంటియాక్ కంపెనీ జీటీవో అని ఒకటి తీసింది. మధ్యరకం కారులో పెద్ద కారు ఇంజిన్ కూర్చోబెట్టారు, అంతే. ఎనిమిది సిలిండర్లు, 6.4 లీటర్లు, 325 గుర్రాల బలం. మన పాత అంబాసిడర్‌ది 1,489 సీసీ, గుర్రాలు ఓ యాభై. వాళ్ల ఒక్క ఇంజిన్‌లో మనవి నాలుగు పట్టి ఇంకా జాగా మిగులుతుంది.

అయినా కండ అంటే ఏమిటి? లోపల ఎనిమిది మంది, డిక్కీలో వంట గిన్నెలు, పైన క్యారియర్ మీద పరుపులు వేసుకుని, మన్ననూరు దాటి నల్లమల ఎక్కి శ్రీశైలం పోయి వచ్చింది మా బండి. ఎండాకాలం ఆ ఎక్కుడు మధ్యలో అది నిలబడేది. పెట్రోలు పంపు వేడికి లోపలి పెట్రోలు ఆవిరై, కార్బొరేటర్‌కు చుక్క అందేది కాదు. మా నాయన దిగి, బానెట్ ఎత్తి, భుజం మీది తువ్వాల తడిపి పంపు మీద చుట్టేవాడు. పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో మా అమ్మ అందరికీ పులిహోర పెట్టేది. మాకది బండి చెడిపోవడం కాదు, భోజనాల వేళ.

ఈ కారు పుట్టుక మీకు తెలిసిందే. హిందుస్థాన్ మోటార్స్ 1942లో గుజరాత్ ఓఖా రేవులో మొదలై, తర్వాత బెంగాల్ ఉత్తరపారాకు పోయింది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అచ్చులు తెచ్చుకుని 1950ల చివర అంబాసిడర్ మొదలుపెట్టింది. 2014 మేలో ఆపేసింది. మాది 1972 నాటి మార్క్ టూ, ముందు జాలీ చిన్న చిన్న గళ్లది.

ఇంగ్లండు అచ్చు అన్నాను గదా, నా కథంతా అక్కడే ఉంది. మొదటి రోజు సాయానికి ఒక పిల్లగాడు వచ్చాడు, మీలో ఒకరి దగ్గర పనిచేసేవాడే. చురుకైనవాడు. సంచిలోంచి 13 నంబరు పాన తీసి బోల్టుకు తగిలించి ఒక్క గుంజు గుంజాడు. బోల్టు తల గుండ్రంగా అరిగి చేతికొచ్చింది. "సార్, పాత ఇనుము, మెత్తగయింది" అన్నాడు. ఇనుము మెత్తబడలేదు బిడ్డా. ఆ బోల్టు తల అర ఇంచు, అంటే 12.7 మిల్లీమీటర్లు. నీ పాన 13. మధ్యలో 0.3 మిల్లీమీటరు సందు. ఆ సందే మూలలు తినేసింది. పోనీ దాని పక్క బోల్టుకు 11 పాన పెట్టి చూడు, ఎక్కనే ఎక్కదు. అది ఏడు బై పదహారు ఇంచు, 11.1 మిల్లీమీటర్లు. ఆ బండిలో మన మిల్లీమీటరు చెల్లదు. ఆ సాయంత్రమే నేను ఇంచు పానల సెట్టు వెతకడానికి బయల్దేరాను. చివరికి అచ్చంపేటలోనే, పని మానేసిన ఒక పెద్ద మేస్త్రీ ఇంట్లో, నూనె గుడ్డలో చుట్టి, అటక మీద దొరికింది. ఆయన డబ్బులు తీసుకోలేదు. "వాడి మళ్ల తెచ్చియ్యి సారూ" అన్నాడు. ఇంకా ఇవ్వలేదు. ఆయన ఇక్కడే కూర్చున్నాడు.

తర్వాత జంగు. మీలో కొందరు ఇప్పటికీ అంబాసిడర్‌కు లారీలాగా కింద చాసిస్ ఉందనుకుంటారు. లేదు. బాడీయే చాసిస్. ముందు చక్రాల బరువు మోసే పొడుగు ఉక్కు కడ్డీలు వెనక్కి వచ్చి ముందు సీట్ల కింద నేలలోనే బిగుసుకుంటాయి. అక్కడ జంగు తింటే బండి మోకాళ్ల మీద కూలబడుతుంది. పైనుంచి చూస్తే మా బండి నిగనిగలాడింది. బడిలో పిల్లలకు చూపించే లాడపు అయస్కాంతం తెచ్చి తలుపుల కిందా ఫుట్‌బోర్డు పొడుగునా జరిపాను. జానెడు దూరం టక్కున అంటుకుంది, మూరెడు దూరం జారిపోయింది. రేకు లేదు, అంతా లప్పమే. ఏ కాలంలోనో ఒక గ్యారేజీలో జంగు కోయకుండా పైన లప్పం పూసి రంగు కొట్టారు. ఉలి పెట్టి కొడితే గోడ పెచ్చులాగా ఊడింది.

వెనక సీటు రెగ్జిన్ కోస్తే లోపల కొబ్బరి పీచు, ఎలుకల గూడు, దోసెడు పల్లి పొట్టు. మా నాయన అచ్చంపేట మార్కెట్లో పల్లికాయ కొని అమ్మేవాడు. శాంపిలు సంచులు వెనక సీట్లో వేసుకుని తిరిగేవాడు. ఆ పొట్టు ఎన్నేండ్ల నాటిదో! నేనది పారేయలేదు. మా ఇంటావిడ పారేసింది.

ఇంజిన్ దించడానికి కొట్టం దూలానికి చైన్ కుప్పీ వేలాడదీశాను. బోర్లు అరిగి ఉన్నాయి. ఇక్కడ కొలత థౌలో, అంటే ఇంచులో వెయ్యో వంతులో. తల వెంట్రుక మందం దాదాపు మూడు థౌ. ట్యాపిట్ సందు పదిహేను థౌ ఉండాలి, అంటే అయిదు వెంట్రుకలు. పాయింట్లకూ దాదాపు అంతే. ఇరవై థౌ పెద్ద సైజు పిస్టన్లు తెచ్చుకుని, బోరింగ్‌కు ఒక లేత్ దుకాణంలో ఇచ్చాను. వాళ్లు ముప్పై కోసి ఇచ్చారు. కోసిన ఇనుము తిరిగి రాదు గనుక పిస్టన్లే మార్చుకున్నాను. కాగితం మీద రాసి ఇవ్వకపోవడం నా తప్పే అనుకోండి. లెక్కల సారును, నోటి లెక్క చెప్పి వచ్చాను.

అసలు అవమానం ఆ తర్వాత. అంతా బిగించి సెల్ఫ్ కొడితే కార్బొరేటర్‌లోంచి ఢామ్మని మంట వచ్చింది. పక్క దొడ్లో బర్రెలు పలుపులు తెంపుకున్నాయి. వైర్లు చూశాను, 1-3-4-2 వరుస సరిగ్గానే ఉంది. రెండు రోజులు కొట్టుకుని పెద్ద మేస్త్రీని పిలిచాను. ఆయన బండిని ముట్టుకోలేదు. "డెల్కో ఎట్ల పెట్టినవ్ సారూ?" అన్నాడు. డెల్కో అంటే డిస్ట్రిబ్యూటర్. ఒకటో పిస్టన్ పైకొచ్చినప్పుడు పెట్టానన్నాను. "పైకి రెండు మాట్ల వస్తది. ఏ మాటు?" నాకు నోట మాట లేదు. క్రాంకు రెండు చుట్లు తిరిగితే డెల్కో ఒక్క చుట్టు. పిస్టన్ గ్యాసు నొక్కుతూ ఒకసారి, పొగ తోస్తూ ఒకసారి పైకొస్తుంది. నేను పొగ వేళకు పెట్టి అర చుట్టు తప్పాను. ఆయన ఒకటో ప్లగ్గు విప్పించి, ఆ బెజ్జం మీద నా బొటనవేలు పెట్టమని, తాను హ్యాండిల్ తిప్పాడు. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారి గాలి బొటనవేలిని బుస్సున తోసేసింది. "గిదీ" అన్నాడు.

రంగు దగ్గర మాత్రం పెయింటర్‌తో పోట్లాడాను. ఎడమ వెనక రెక్క మీద ఒక సొట్ట ఉంది. మార్కెట్ గేటు దగ్గర ఎడ్లబండి కాడి తగిలినది. అతను తీసేస్తానన్నాడు, నేను వద్దన్నాను. చౌమహల్లా ప్యాలెస్‌లో రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూసే ఉంటారు. మన పాత జిల్లాకు ఎవరి పేరుందో ఆ నిజాం మహబూబ్ అలీ పాషా చేయించుకున్నది. 1911లో ఆయన పోయాడు, ఆ కారు ఎక్కనే లేదు. ఆ తర్వాత కూడా అది తిరిగింది కొన్ని వందల మైళ్లే. దానికి సొట్ట ఎక్కడినుంచి వస్తుంది? అది నిగనిగలాడాల్సిందే. మాది పల్లికాయ బండి.

కాగితాల సంగతి. 2021లో కేంద్రం నిబంధన తెచ్చింది. యాభై ఏండ్లు దాటి, అసలు రూపం చెడని బండిని వింటేజ్ కింద రాయించుకోవచ్చు. రుసుము 20,000, గడువు పదేండ్లు, నంబరులో 'వీఏ' అని వస్తుంది. మాకు అర్హత ఉంది. కానీ వింటేజ్ బండిని ప్రదర్శనకో ర్యాలీకో తప్ప రోజువారీ రోడ్డు మీద తిప్పకూడదు. నాకేమో తెల్లవారి రంగాపురం మీదుగా ఉమామహేశ్వరం పోయి రావాలి. అందుకని మామూలు ఫిట్‌నెస్ చేయించి అయిదేండ్లకు రెన్యువల్ కట్టాను. 2022 దాకా 600 ఉన్న ఆ ఫీజు నేను పోయేసరికి 5,000 అయింది. కట్టాను.

ఇంక మాటలు చాలు. బండి బయట వేపచెట్టు కింద ఉంది. ఒకటో ప్లగ్గు విప్పి పెట్టాను. హ్యాండిల్ నేను తిప్పుతాను, పిల్లలు ఒక్కొక్కరు వచ్చి బొటనవేలు పెట్టండి. 13 పాన తెచ్చుకున్నవాళ్లు మాత్రం దాన్ని జేబులోనే ఉంచుకోండి.