అమ్మకముతో పని ముగియదు
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పంపుసెట్లను అమ్ముట, అమ్మినవానిని బాగుచేయుట - ఈ రెండు పనులను ఒకేచోట నిర్వహించుట మా వృత్తి. గ్రామమునకు నీరందించు బాధ్యత మీది. మీ బాధ్యతయు, మా వృత్తియు బోరుబావి గట్టున కలిసికొనును. కావున మా అనుభవమును మీ ముందుంచుచున్నాము.

మొదట మా తప్పు చెప్పుకొందుము. ఒక గ్రామమునకు మేము తక్కువ ధరకు ఒక సబ్‌మెర్సిబుల్ పంపుసెట్టును అమ్మితిమి. రెండవ వేసవిలో అది ఆగిపోయెను. దానికి సరిపడు విడిభాగము మా కొట్టులో లేదు. సమీప పట్టణములోను దొరకలేదు. తొమ్మిది దినములు ఆ ఊరి స్త్రీలు పొలముల బావుల నుండి బిందెలతో నీరు మోసికొనిరి. పంచాయతీవారు ట్యాంకరు తెప్పించినను చాలలేదు. ధరలో మిగిలిన సొమ్మంతయు ఆ ట్యాంకరు బాడుగకే సరిపోయెను. విడిభాగములు నిలువ ఉంచలేని యంత్రమును అమ్మరాదని నాటినుండి నియమము పెట్టుకొంటిమి.

ఈ పాఠము క్రొత్తది కాదు. చేతిపంపుల చరిత్రయే ఇందుకు సాక్ష్యము. ఒక కుటుంబము వాడుకకు తగిన పోత ఇనుప పంపులను ఊరంతటికి బిగించినప్పుడు అవి త్వరగా చెడిపోయెడివి. 1970ల దశకములో యూనిసెఫ్ సహకారముతో ఇండియా మార్క్-2 పంపు రూపొందినది. దానికి 1979లో భారతీయ ప్రమాణము ఏర్పడుటచే, ఒక కర్మాగారములో చేసిన భాగము మరొకచోట చేసిన పంపునకు అమరు వీలు కలిగినది. అయినను లోపలి వాల్వును మార్చవలెనన్న గొట్టములన్నిటిని పైకి లాగవలసియుండెను. ఆ శ్రమను తగ్గించుటకు వచ్చినదే మార్క్-3. అందు గొట్టము వెడల్పుగా నుండుటచే, దానిని కదపకయే పిస్టనును, వాల్వును పైకి తీయవచ్చును. నీటిని తోడు శక్తిని గూర్చియే గాక, బాగుచేయుటలో సులువును గూర్చియు ఇంత ఆలోచన జరిగినది.

అమ్మకము, మరమ్మతు నిర్వహించువాని పని ఏమి? అమ్మకమునకు ముందు బోరు లోతు, నీటి మట్టము, పంపు నడచునప్పుడు ఆ మట్టము ఎంత దిగును, ట్యాంకు ఎత్తెంత, వోల్టేజి ఎంత - ఇవి తెలిసికొనవలెను. హార్సుపవరు మాత్రమే అడిగి అమ్మువాడు రోగిని చూడక మందిచ్చు వైద్యుని వంటివాడు. వేసవి రాకమునుపే బుష్‌లు, ఇంపెల్లర్లు, కేబులు, స్టార్టరు భాగములు సమకూర్చుకొనవలెను. పంపును పైకి తీసిన ప్రతిసారి తేదీ, కారణము, మార్చిన భాగము మెకానిక్కుచే వ్రాయించి యుంచవలెను. ఒకే మోటారు వైండింగు మరల మరల కాలుచున్నచో, దోషము మోటారులో గాక వోల్టేజిలోనో, బోరులోని నీటి కొరతలోనో ఉండవచ్చునని ఆ పుస్తకమే సూచించును.

ఇక మీ వంతు. కొటేషనులో ధరతోపాటు నాలుగు ప్రశ్నలకు వ్రాతపూర్వకముగా సమాధానము కోరుడు. మా ట్యాంకు ఎత్తునకు గంటకు ఎన్ని లీటర్ల నీరు వచ్చును? విడిభాగములు ఎచ్చట దొరకును? ఫిర్యాదు చేసిన ఎన్ని గంటలలో మెకానిక్కు వచ్చును? ఏ కారణములచే వారంటీ చెల్లదు? బిల్లును, మోటారు సంఖ్యను పంచాయతీ కార్యాలయములో భద్రపరచుడు. మూడు ఫేజులలో ఒకటి పోయినప్పుడు మోటారును ఆపు సాధనమును తప్పించి నడపనీయకుడు. ఒక పూట నీటికై చేసిన ఆ తొందరకు వైండింగు కాలిపోవును. మరమ్మతు ఖర్చును ఏటేటి బడ్జెటులో ముందే చేర్చుడు. మెకానిక్కుకు ఇవ్వవలసిన కూలి నెలల తరబడి నిలిచిపోయినచో, ఆపదవేళ అతని రాకయు ఆలస్యమగును.

రాజ్యాంగము 11వ షెడ్యూలులో పంచాయతీల విషయముల యందు తాగునీటితోపాటు సామాజిక ఆస్తుల నిర్వహణ కూడ చేర్చబడి యున్నది. కొనుట ఒక దినము పని. కాపాడుట ఏండ్ల తరబడి పని. ఈమారు మీరు పంపు కొనుటకు మా వద్దకు వచ్చినప్పుడు ధర కంటె ముందు ఆ నాలుగు ప్రశ్నలను అడుగుడు. మేము సమాధానము చెప్పలేకపోయినచో, నిస్సంకోచముగా మరొక కొట్టునకు వెళ్లుడు.