రెండు చేతుల సాధకము

మేము సంగీత విద్వాంసులము కాము. శనివారపు భజనలో మృదంగము పట్టుకొను మాత్రపువారము. అయినను మేము చేసిన ఒక పొరపాటు నలుగురి యెదుట చెప్పుకొనవలెనని నిలిచితిమి.

ఇక్కడ టికిరిలో మా క్వార్టర్సు పిల్లవాడొకడు మృదంగము నేర్పుమని వచ్చినాడు. "ముందు కుడిచేయి గట్టిపడనీ, ఎడమచేయి తరువాత చూతము" అంటిమి. పాపము, ఆరు మాసములు వాడు కుడిచేతితోనే సాధకము చేసినాడు. వేళ్ళు చక్కగా పలికినవి. తరువాత ఎడమప్రక్క రవ్వముద్ద పెట్టి, రెండు చేతులూ కలుపుమంటిమి. ఎడమచేయి తడబడుట వింత కాదు. అంతవరకు చక్కగా పలికిన కుడిచేయి కూడ తప్పినది! "నాకు తాళజ్ఞానము లేదు బాబాయిగారూ" అని వాడు వాద్యమును గోనెసంచితో కప్పి మూలబెట్టినాడు.

తప్పు వానిది కాదని తరువాత తెలిసినది. 2006లో నొజాకి, కుర్ట్జర్, స్కాట్ అను శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన ప్రకటించిరి. పిడి పట్టుకొని చేయి చాచువానిని యంత్రము నెట్టుచుండును. కొంతసేపటికి, నెట్టుచున్నను చేయి తిన్నగా పోవుట అలవడును. అప్పుడు రెండవ చేతిని కూడ కదలించినచో, మొదటి చేయి నేర్చినదానిలో కొంతభాగమే అక్కరకు వచ్చినది. చేయి అదే, కదలిక అదే. ప్రక్కచేయి కదలుటతో పాఠము వేరైనది. (ఒంటిగా నడచిన ఎద్దును కాడికి కట్టినవారికి ఇది క్రొత్త కాదు.) ప్రక్కచేయి కదలు దిశనుబట్టి కూడ నేర్పు వేరువేరుగా నిలుచునని 2010లో హోవర్డ్, ఇన్‌గ్రాం, వోల్పర్ట్ చూపిరి. యంత్రపు పిడి మృదంగము కాదు, నిజమే. అయినను మా తప్పు మాకు అక్కడ కనబడినది.

పెద్దల పాఠము చూడుడు. త, ది, తొం, నం అను మొదటి పాఠములోనే తొం ఎడమచేతిది, నం కుడిచేతిది. అట్లు కలిపి యుంచినదానిని మేము తెలివి యనుకొని విడగొట్టితిమి.

ఈ కొండలు దిగినచో, బొబ్బిలి సీమలోని అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసుగారు చేతులతోను, కాళ్ళతోను, తలతోను ఏకకాలమున వేర్వేరు తాళములు చూపెడివారని ప్రసిద్ధి. అట్టివారు ఎక్కడనో ఒకరు. మన పిల్లవానికి రెండు చేతులు చాలును.

వాద్యమును మరల బయటికి తీయించితిమి. ఇప్పుడు విళంబకాలమున, రెండు చేతులతోనే పాఠము నడచుచున్నది. కుడిచేయి నేర్చినదంతయు పోలేదు. తొం వద్ద మాత్రము ఇంకను ఆగుచున్నాడు. శ్రీరామనవమి పందిరిలో వాయించునో లేదో చెప్పలేము. అంతవరకు వానిని ఎవరును "ఏదీ, ఒక్కసారి వాయించు" అని అడుగవద్దని మనవి.