కరెంటు బిల్లు భారం – ఖర్జె హసనా మార్గం

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చిన్న దుకాణం పెట్టుకునేవారికి మనం పెట్టుబడి సాయం చేస్తున్నాం. ఈ రోజు ఆ తర్వాతి సంగతి మాట్లాడుకుందాం. అదే నెలనెలా వచ్చే కరెంటు బిల్లు.

దుకాణం మీటరుకు యూనిట్ ధర ఇంటి మీటరు కంటే ఎక్కువ. దానికి స్థిర చార్జీ, విద్యుత్ సుంకం, ఇంధన సర్దుబాటు చార్జీ తోడవుతాయి. బిల్లు పెరిగిందని దర్జీ కుట్టుకూలి పెంచితే గిరాకీ పక్క దుకాణానికి పోతుంది. పెంచకపోతే తన కూలే తరుగుతుంది. రాబడి తరిగిన ఇంట్లో మొదట ఆగేది పిల్లల చదువు. బడిలో పనిచేసే మేము చూస్తున్నది ఇదే.

యూనిట్ ధర మన చేతిలో లేదు. ఎన్ని యూనిట్లు కాల్చాలన్నది చాలావరకు మన చేతిలోనే ఉంది. ఒక దర్జీ దుకాణం లెక్క చూద్దాం. 75 వాట్ల పాత ఫ్యాన్లు నాలుగు, చోక్‌తో కలిపి 50 వాట్లు తినే ట్యూబ్‌లైట్లు నాలుగు ఉన్నాయనుకుందాం. రోజుకు 10 గంటలు వాడితే 5 యూనిట్లు. వాటి స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు, 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులు పెడితే 2 యూనిట్లు. నెలకు 26 పనిదినాల్లో మిగిలేవి 78 యూనిట్లు. యూనిట్ 9 రూపాయలు అనుకుంటే 702 రూపాయలు.

మార్పుకు 12 వేలు అవుతుందనుకుందాం. ఆ దర్జీ ఒక్కసారిగా అంత పెట్టలేడు. బయట తెస్తే వడ్డీ. మనం ఖర్జె హసనాగా ఇస్తే, బిల్లులో మిగిలిన 700 రూపాయలే నెల వాయిదా అవుతుంది. ఏడాదిన్నరలోపు అప్పు తీరుతుంది. ఆయన జేబు నుంచి అదనంగా పైసా కట్టనక్కర్లేదు, ఎవరి ముందూ చేయి చాచనక్కర్లేదు. తిరిగొచ్చిన సొమ్ము మరో దుకాణానికి వెళ్తుంది. ఒక నెల బిల్లు మనం కట్టేస్తే ఆ సాయం ఆ నెలతోనే అయిపోతుంది.

పవర్ మిషన్ దానం చేసే దాతలకు ఒక మనవి. క్లచ్ మోటారు స్విచ్ వేసినంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. సర్వో మోటారు పెడల్ తొక్కినప్పుడే తిరుగుతుంది. సర్వో మోటారున్న మిషన్‌నే ఇవ్వండి. రంజాన్ నెలలో సహరీ వేళ దాకా కుట్టే దుకాణాల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది.

మన యువకులు బిల్లు చదివి పెట్టడం కూడా సేవే. ఒప్పంద లోడు అవసరానికి మించి ఉంటే తగ్గించమని దరఖాస్తు రాయాలి. బిల్లులో తేడా కనిపిస్తే 1912కు ఫోన్ చేయించాలి. అక్కడ తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది. ఇంటి మీటరు నుంచి దుకాణానికి వైరు లాగడం మాత్రం వద్దని గట్టిగా చెప్పాలి. అది చట్టరీత్యా తప్పు. పట్టుబడితే రెట్టింపు ధర కట్టాలి. పైగా అది హలాల్ సంపాదనకు మచ్చ.

జకాత్ సొమ్ము దాని హక్కుదారులకే చేరాలి. ఈ అప్పుల నిధిని సదఖా, ఇతర విరాళాలతో వేరుగా నడుపుదాం. ముందుగా పది దుకాణాలతో మొదలుపెడదామని కోరుతున్నాం. ఇస్రాఫ్‌ను తగ్గించడం, కష్టజీవి పరువు కాపాడడం, రెండూ ఇందులో ఉన్నాయి.

అల్లాహ్ మన అందరి సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.