బార్డోలీ శాఖలో కనపడని తీగ
(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నెట్‌వర్క్ విభాగం వాళ్ళు మాట్లాడతారంటే హాలు ఖాళీ అవుతుందని కార్యదర్శి గారికి తెలుసు. అందుకే నన్ను టీకి ముందు పెట్టారు.

"సర్వర్ డౌన్" అన్న మాట మీ ఇళ్ళలో వినని వాళ్ళుండరు. ఆయన ఆలస్యంగా వస్తే సర్వర్ డౌన్, ఆవిడ ఫోను ఎత్తకపోతే సర్వర్ డౌన్. పాపం, ఆ సర్వర్ ఎక్కడో డేటా సెంటర్‌లో ఏసీ గదిలో తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. చాలాసార్లు ఆగిపోయేది శాఖలోనే, యూపీఎస్ పక్కన ర్యాక్‌లో ఉన్న రెండు పెట్టెల్లో ఒకటి. మొదటిది రౌటర్. బయట నుంచి వచ్చే లైను దాంట్లోకి వస్తుంది, అంటే అది ఇంటికి వీధి గుమ్మం. రెండోది స్విచ్. కౌంటర్లు, ప్రింటర్లు, మేనేజర్ గారి కంప్యూటర్ అన్నీ దానికి తగిలించి ఉంటాయి. అది లోపలి హాలు, గదులన్నిటికీ తలుపులు అక్కడినుంచే.

ఈ రెండు పెట్టెలను ఒకటి చేసిన కథే నేను చెప్పబోయేది. ఊరు బార్డోలీ, సూరత్ జిల్లా. పటేల్ గారికి సర్దార్ అన్న పేరు తెచ్చిన 1928 సత్యాగ్రహం అక్కడే జరిగింది. అంతకు ఆరేళ్ళ ముందే, 1922లో, పన్నులు కట్టమని మన గుంటూరు జిల్లా పెదనందిపాడు రైతులు నిలబడిన రోజుల్లో, అందరి చూపూ బార్డోలీ మీదే ఉండేది. ఇప్పుడది చెరకు ఊరు. చుట్టూ చెరకు తోటలు, పెద్ద సహకార చక్కెర ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ చెరకు డబ్బు వాయిదాల్లో ఇస్తుంది. అది ఖాతాల్లో పడిన రోజు శాఖ మెట్ల మీద దాకా జనం ఉంటారు.

నేను అప్పట్లో సూరత్‌లో పనిచేసేవాణ్ణి. సూరత్‌లో మగ్గాల మీద పనిచేసే మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి భాషకు బెంగ లేదు. బార్డోలీ శాఖ నుంచి మాత్రం వారానికోసారి ఫోను వచ్చేది: లైను పోయింది. టెలికాం వాళ్ళు చూసి లైను బాగానే ఉందనేవారు. వెళ్ళి చూస్తే రౌటర్ దీపాలు వెలుగుతున్నాయి, స్విచ్ చచ్చిపోయి ఉంది. దాని అడాప్టర్ వదులుగా ఉండే ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి ఉంది. పొద్దున్నే నేల తుడిచేటప్పుడు తుడుపుగుడ్డ తగిలితే చాలు, కౌంటర్లన్నీ ఆగిపోతాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు. నేల తుడవాలి కదా.

మా ఆవిడ అడిగింది, "ప్లగ్గు పెట్టడానికి ముప్పై కిలోమీటర్లు పైగా వెళ్ళాలాండీ?" అని. జవాబు లేదు.

ఆ రోజుల్లో శాఖలకు సిస్కో 2800 శ్రేణి రౌటర్లు వస్తున్నాయి. ఆ కంపెనీ వాటిని 2004లో తెచ్చింది. వాటి వెనక ఖాళీ స్లాట్లు ఉంటాయి. వాటిలో పట్టే స్విచ్ మాడ్యూల్ ఇదిగో, ఈ బల్ల మీద పెట్టాను. పదహారు పోర్టులది. దీనికి అడాప్టర్ అక్కర్లేదు, రౌటర్ కరెంటే తీసుకుంటుంది. రౌటర్ యూపీఎస్ మీద ఉంది కనుక ఇదీ యూపీఎస్ మీదే ఉన్నట్టు. ఒక పెట్టె, ఒక ప్లగ్గు.

పెట్టడం కష్టం కాదు. అప్పట్లో శనివారం బ్యాంకు ఒంటిపూటే ఉండేది, అది అయ్యాక రౌటర్ ఆపాలి, ఆ మోడల్లో కరెంటు ఉండగా మాడ్యూల్ పెట్టకూడదు. మణికట్టుకు ఎర్తింగ్ పట్టీ కట్టుకుని, స్లాట్ మూత తీసి, లోపలికి నెట్టి, మరలు బిగించాలి. అసలు పని ఆ తర్వాతే. ఈ మాడ్యూల్‌కు సొంత ప్రాసెసర్ ఉంది, సొంత సాఫ్ట్‌వేర్ ఉంది. పెట్టె ఒకటైనా లోపల ఇద్దరున్నారు, ఒకే ఇంట్లో రెండు పొయ్యిల్లాగా. ఇద్దరినీ కలిపే లింకు పెట్టె లోపలే ఉంటుంది. దాని మీద కౌంటర్లు, ప్రింటర్లు, కెమెరాలు ఒకదాని జోలికి ఒకటి రాకుండా విడివిడి దారులు వేయాలి. వాడని పోర్టులు మూసేయాలి. ఇంతకుముందు ఎవరు ఏ తీగ ఎక్కడ తగిలించినా నడిచిపోయేది, ఇక నడవదు.

చిక్కు ఎక్కడంటే, ఆ లోపలి లింకు దగ్గరే. పాత పద్ధతిలో రెండు పెట్టెల మధ్య నీలం తీగ ఒకటి కళ్ళకు కనపడేది. నేను ఫోనులో "బెన్, నీలం తీగ దగ్గర దీపం వెలుగుతోందా?" అని అడిగితే క్యాషియర్ గారు చూసి చెప్పేవారు. సగం రోగం అక్కడే తేలిపోయేది. మాడ్యూల్ పెట్టాక ఆ తీగే లేదు. సెట్టింగ్ చెడితే పోర్టుల దీపాలన్నీ పచ్చగానే వెలుగుతాయి, పని మాత్రం జరగదు. శాఖలో ఉన్న మనిషి చేతిలోంచి కొంత తెలివి లాక్కున్నట్టే కదా? కొనుగోలు కాగితాల్లో ఈ లెక్క ఎవరూ రాయరు.

రెండో భయం మరీ పాతది, గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టడం. మాడ్యూల్ పోతే మార్చడానికి రౌటర్ ఆపాలి, అంటే శాఖంతా ఆగాలి. అందుకని నేనొకటి అడిగాను. రౌటర్‌కు సొంతంగా రెండు పోర్టులున్నాయి. ఒకదానికి ఏటీఎం, ఒకదానికి ఒక నగదు కౌంటర్ నేరుగా తగిలిద్దాం, మాడ్యూల్ మీద పెట్టొద్దు అన్నాను. పై వాళ్ళు వెంటనే ఒప్పుకోలేదు. ఆ రెండింటికీ వేరే అడ్రసులివ్వాలి, డేటా సెంటర్‌లో మార్పు చేయాలి, మిగతా శాఖల నమూనాకు ఇది భిన్నం. వాళ్ళ వాదన కొట్టిపారేసేది కాదు. వందల శాఖలు చూసే వాళ్ళకు ప్రతి శాఖా ఒక్కలాగే ఉంటేనే రాత్రి నిద్ర పడుతుంది. మూడు వారాలు ఉత్తరాలు నడిచాయి. చివరికి చెరకు డబ్బు రోజుల రద్దీ లెక్క చూపిస్తే సరేనన్నారు.

జూన్‌లో పిడుగులు పడ్డాయి. మేడ మీది గదికి వెళ్ళే పొడవైన తీగ గుండా వచ్చిన దెబ్బకు మాడ్యూల్ పోయింది. అది ఎరువుల కోసం, విత్తనాల కోసం రైతులు డబ్బు తీసుకునే కాలం. ఏడు కౌంటర్లు చీకటి, ఒక్క నగదు కౌంటర్, ఏటీఎం మాత్రం నడిచాయి. ఆ కౌంటర్లో కూర్చున్న అమ్మాయి మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. మేనేజర్ గారు క్యూలో నిలబడ్డ వాళ్ళకు మజ్జిగ తెప్పించారు. సాయంత్రం షట్టర్ దించాక రౌటర్ ఆపి, పాత మాడ్యూల్ తీసి, బీరువాలో దాచిన పాత స్విచ్‌నే తాత్కాలికంగా తగిలించాం. అది పారేయకుండా ఉంచమన్నప్పుడు స్టోర్స్ వాళ్ళు నన్ను ఎగాదిగా చూశారు లెండి.

కొత్త మాడ్యూల్ పెట్టేటప్పుడు మేడ మీదికి తీగ మార్చి, ఎర్తింగ్ సరిచేయించాం. ర్యాక్ తలుపు లోపల గుజరాతీలో ఒక కాగితం అంటించాం. అందులో లోపల దాగిన ఆ లింకును నీలం గీతగా గీశాం. దీపాలన్నీ పచ్చగా ఉన్నా పని జరగకపోతే ఆ గీత పేరు చెప్పి ఫోను చేయండి అని రాశాం. ఆ తర్వాత ఫోను వస్తే "లైను పోయింది" అనేవారు కాదు, "నీలం గీత పోయినట్టుంది" అనేవారు. చాలాసార్లు వాళ్ళ మాటే నిజమయ్యేది.

ఇలాంటి మాడ్యూల్ చిన్న శాఖకు మంచిదే అంటాను. రెండంతస్తుల పెద్ద శాఖకు మాత్రం విడి స్విచ్చే మేలు. మా విభాగంలోనే దీన్ని ఒప్పుకోని వాళ్ళున్నారు, వాళ్ళు ఇవాళ ముందు వరసలోనే కూర్చున్నారు. టీ దగ్గర నన్ను పట్టుకుంటారు.

పిల్లలూ, ఈ బల్ల మీదున్నది పిడుగు తిన్న ఆ పాత మాడ్యూలే. వచ్చి చూడండి, చేత్తో పట్టుకోండి, పోర్టులు లెక్కపెట్టండి. నల్లగా మాడిన పోర్టు ఎడమ నుంచి నాలుగోది.