కంప్యూటరులో మన భూమి ఎంత?

(రైతుసంఘం మండల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు క్లాసు అనగానే కొందరు వెనక బెంచీలు వెతుక్కున్నారు. ఈ వయసులో మాకెందుకని మీ అభిప్రాయం కావచ్చు. కానీ మన భూమి వివరాలు 2020 అక్టోబరు 29 నుంచి ధరణిలోకి, 2025 ఏప్రిల్‌ 14 నుంచి భూభారతిలోకి వెళ్లాయి. పీఎం కిసాన్‌ డబ్బులు, విడతకు రూ.2 వేల చొప్పున ఏడాదికి మూడుసార్లు పడాలంటే ఈకేవైసీ ఉండాలి. 2025లో సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్‌ కిసాన్‌ యాప్‌లో స్లాట్‌ బుక్‌ చేసుకోవాల్సి వచ్చింది. మనం దాని దగ్గరికి పోకున్నా అది మన చేన్లోకి వచ్చింది.

మొదట ఒక సంగతి. కంప్యూటరుకు సొంత తెలివి లేదు. ఎవరో టైపు చేసింది దాచిపెడుతుంది, అడిగితే చూపిస్తుంది, చెప్పిన లెక్క చెప్పినట్టు చేస్తుంది. ఉదాహరణ చూడండి. మన దగ్గర ఎకరానికి 40 గుంటలు. 1.30 అని రాసి ఉంటే ఎకరం 30 గుంటలని మనకు తెలుసు. ఇంకో చెలక 1.20. రెండూ కలిపితే ఎంత? (సభలోంచి: మూడెకరాల పది గుంటలు.) కాగితం, కలం లేకుండానే చెప్పారు! ఇవే రెండు అంకెలు ఎక్సెల్‌లో ఎక్కించి కూడమంటే 2.50 అంటుంది. దానికి గుంట తెలియదు. చుక్క తర్వాత ఉన్నది వందలో భాగమనే అనుకుంటుంది. ఆంధ్రాలో ఎకరానికి 100 సెంట్లు కాబట్టి వాళ్లకు ఈ చిక్కు లేదు. మన దగ్గర గుంటలకు వేరే గడి పెట్టి, 40 దాటితే ఎకరంగా మార్చమని మనిషే చెప్పాలి. చెప్పకుంటే, ఆ 2.50ని ఎవరన్నా రెండున్నర ఎకరాలని చదివితే, 30 గుంటలు గాలికి పోయినట్టే.

అందుకే ‘కంప్యూటర్లో అట్లనే ఉంది’ అంటే లేచి ఇంటికి రావద్దు. ఏ కాగితం చూసి ఎక్కించారు, ఎప్పుడు ఎక్కించారు అని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

సర్వరు డౌన్‌ అంటే రికార్డు పోయిందని కొందరు కంగారు పడుతున్నారు. మీరు చూసే కంప్యూటరు కిటికీ లాంటిది. అసలు దస్త్రం దూరాన సర్వరనే పెద్ద యంత్రంలో ఉంటుంది. దారి మూసుకుపోతే కిటికీలో ఏమీ కనపడదు, అంతే. అయితే రికార్డు కనపడిన రోజే ప్రింటు తీయించి, తేదీ చూసుకొని దాచుకోండి. తర్వాత ఏదన్నా మారితే పక్కన పెట్టి చూపించడానికి అదే ఆధారం.

ఇక ఫోను. అది కూడా కంప్యూటరే. వాట్సాప్‌లో ఫైలు వస్తే దాని పేరు చివర చూడండి. పీడీఎఫ్‌ అని ఉంటే సాధారణంగా చదువుకునే కాగితం, జేపీజీ అంటే ఫొటో. ఏపీకే అని ఉంటే మాత్రం అది కాగితం కాదు, మీ ఫోనులో కాపురం పెట్టే ప్రోగ్రాము. పీఎం కిసాన్‌ పేరుతో మోసగాళ్లు పంపేది ఎక్కువగా ఇదే. లోపలికి రానిస్తే మీ మెసేజులు చదువుతుంది, ఖాతా ఊడ్చేస్తుంది. ప్రభుత్వం పేరు చెప్పినా, సొంత బామ్మర్ది పంపినా నొక్కొద్దు. పాపం, ఆయన ఫోనే వాళ్ల చేతిలో ఉండొచ్చు. డబ్బు పోతే గంటలు గడవకముందే 1930కి ఫోన్‌ చేయండి.

ఓటీపీ అంటే నంబరు కాదు, మీ వేలిముద్ర. ఖాళీ ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేయొద్దని మన పెద్దలు చెప్పలేదా? ఇదీ అంతే. మెసేజులో ఆ అంకెల పక్కన దేనికోసమో రాసి ఉంటుంది. అది చదివించుకోకుండా ఎవరికీ చెప్పొద్దు. ఇంకో చిక్కుంది. రిజిస్ట్రేషను చేయించేటప్పుడు తొందరలో డీలరు నంబరో, కంప్యూటరు నడిపే అబ్బాయి నంబరో ఇచ్చి వస్తున్నాం. తర్వాత ఓటీపీ వాళ్లకే పోతుంది. బండి మీద పత్తి పెట్టుకొని ఆ మనిషి కోసం మనం తిరగాలి. ఆధార్‌కు మీ సొంత నంబరు ఉందో లేదో ఈ వారమే చూసుకోండి.

ఇవన్నీ నేర్చుకుంటూనే ఒకటి గట్టిగా అడుగుదాం. కౌలు రైతు పేరు పట్టాలో ఉండదు, చాలామంది ఆడవాళ్ల చేతిలో ఫోను ఉండదు. పంట పండించింది మాత్రం వాళ్లే. ఫోను లేనివాళ్లకు కేంద్రం దగ్గర మనిషే నమోదు చేసి రసీదు ఇవ్వాలి. ఈ డిమాండుతో తహసీల్దారుకు ఇచ్చే వినతిపత్రం బల్ల మీద ఉంది, సంతకాలు పెట్టండి.

భోజనాల తర్వాత ముగ్గురికి ఒక ఫోను చొప్పున కూర్చుందాం. ఎవరి సర్వే నంబరు వాళ్లే టైపు చేయాలి, పిల్లలకు ఇవ్వొద్దు. పాసుబుక్కు తేనివాళ్లు ఇప్పుడే ఇంటికి ఫోన్‌ చేసి తెప్పించుకోండి.